ఎండన నడిచొచ్చిన రంగు

మా ఊళ్ళో బస్సు ఆగే చోట ఆమె ఫ్లెక్సీ కట్టారు. శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, రెండు పక్కలా రెండు దీపాలు, మధ్యలో ఆమె. ఆమె అని వాళ్ళంటున్నారు. నేను బస్సు దిగి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. మొహం సున్నం కొట్టిన గోడ మాదిరి తెల్లగా ఉంది. బుగ్గల మీద రెండు గులాబీ బిళ్ళలు, తిరునాళ్ళలో అమ్మే ప్లాస్టిక్ బొమ్మకు ఉన్నట్లు. ముడతలు లేవు. గడ్డం మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు చుక్క ఉండాలి, దాన్ని కూడా తుడిచేశారు.

చేయించింది ఆమె మనవడు. కూతురి కొడుకు. కదిరిలో ఆటో తోలుతాడు, పెళ్ళాం బిడ్డలున్న మనిషి. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

“ఎట్లుండాది అవ్వా? ఫోన్లో ఫోటో సరిగా రాల్యా. అంగడాయన కంప్యూటర్లో బాగు చేసినాడు.”

“ఎవురప్పా ఈమె?” అన్నాను.

“అట్లంటావేంది! మా అవ్వ గదా.”

“మీ అవ్వ మొగం ఏమైంది మరి? యాడ పారేసినారు?”

వాడు తిరిగి బొమ్మ వైపు చూశాడు. మంచివాడే. అవ్వను నాలుగు ఊళ్ళవాళ్ళు చూడాలని ఆశపడ్డాడు. వాణ్ణి అని ఏం లాభం? కానీ ఆమె బతికుండి ఈ ఫ్లెక్సీ చూసి ఉంటే, కొడవలితో తాళ్ళు కోసి, ఇంటికి తీసుకుపోయి, వేరుశనగ బుడ్డలు ఆరబోసుకోవడానికి పరుచుకునేది. బొమ్మ కిందికి వచ్చేట్లు పరిచేది.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక. చుట్టూ తిప్పి రాసే విద్య నాకు పట్టలేదు. అందుకని ఉన్నదున్నట్లు రాస్తున్నాను. బస్సు దిగే ప్రతి మనిషికీ ఆమె మొహం అది కాదని చెప్పుకుంటూ నిలబడలేను గదా.

పేరు రాయను. పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు తక్కువ. ఎదురుగా ఉంటే అక్కా, వదినా, పెద్దమ్మా. వీపు తిప్పితే బుగ్గలామె. ఆమెకూ తెలుసు. “కాళ్ళుండేదానికి కుంటిదంటే బాధ గానీ, బుగ్గలుండేదానికి బుగ్గలామె అంటే బాధేంది?” అనేది.

ఆమె నలుపు. చామనచాయ అని మెత్తగా చెప్పేవాళ్ళున్నారు, నేను చెప్పను. నలుపే. ఆ నలుపు మీద ఒక ఎరుపు ఆడుతుండేది. నిలబడి ఉంటే కనపడదు. తల తిప్పితే, మాట్లాడితే, నవ్వితే కనపడుతుంది. కుమ్మరి కుండ బాగా కాలినప్పుడు దాని పొట్ట మీద ఒక రంగు వస్తుంది చూడండి, అది. కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళు ఆ రంగు పుట్టుకతో వచ్చిందే అనుకునేవాళ్ళు. కోడలుగా వచ్చిన కొత్తల్లో నేనూ అట్లే అనుకున్నాను. ఇద్దరమూ ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చాం. మా గోడకు వాళ్ళ గోడ ఆనుకొని ఉంటుంది.

ఒక పొద్దున గోడ మీదుగా తొంగి చూస్తే, పెరట్లో చిన్న రేకు డబ్బా మూత తెరిచి, మూత లోపల అద్దంలో చూసుకుంటూ ఒక్కతే నవ్వుతోంది. ఎదుట మనిషి లేడు. నాకు భయమేసింది.

“ఏమైంది మే? ఎవురితో నవ్వుతాండావు?”

“మా మామతో.”

“యాడుండాడు మీ మామ?”

“నిన్న బర్రె తన్నితే పేడలో కూర్చున్యాడు గదా, అది గుర్తు చేసుకుంటాండా. నవ్వితేనే గదా యాడ పూయాలో తెలిసేది!”

అది ఆమె పద్ధతి. ముందు చన్నీళ్ళతో మొహం కడుక్కునేది. గుడ్డతో తుడిచేది కాదు, తడి దానంతట అది ఆరాలి. తరువాత నవ్వేది. ఉత్తుత్తి నవ్వు పనికిరాదు, పళ్ళు ఇకిలిస్తే కండ వేరే చోట లేస్తుందంట. ఎవరిదో ఒకరి తిక్కపని తలుచుకొని నిజంగా నవ్వాలి. నవ్వినప్పుడు బుగ్గ మీద ఎక్కడ గుండ్రంగా లేస్తుందో అక్కడ ఉంగరపు వేలితో అద్దేది. చూపుడు వేలు వద్దనేది. “అది బెదిరించే వేలు, బరువు ఎక్కువ.” అద్దింది చెవి వైపు పైకి లాగేది. ఆ తరువాత కొంగు తీసుకొని, పూసిందాంట్లో ముక్కాలు భాగం తుడిచేసేది. వేలికి మిగిలిన మరకను ముక్కు మీదా గడ్డం మీదా ఊరికే తాకించేది.

“ముక్కుకెందుకు మే?”

“ఎండ బుగ్గల్నే చూసి కొడతాదా? ముక్కుకు కొట్టదా?”

ఆఖరికి గడపలోకి వచ్చి వెలుతురులో నిలబడి చూసుకునేది. ఇంట్లో దీపం కింద చూసుకుంటే నమ్మేది కాదు. తరువాత ఊరికే అంగడి దాకా పోయి వచ్చేది, ఉప్పో అగ్గిపెట్టో వంక పెట్టుకొని. పోయి వచ్చి గోడ మీదుగా నాకు చెప్పేది.

“ఏం పూసుకున్యావు అని అడిగితే ఓడిపోయినట్ల. ఎండన పడి నడిచొచ్చినావా అని అడిగితే గెలిచినట్ల. ఈ పొద్దు గెలిచినా.”

ఆమె పుట్టిల్లు ధర్మవరం, మగ్గం ఉన్న ఇల్లు. మా ఊళ్ళో వాళ్ళవాళ్ళవి నాలుగే ఇళ్ళు, ఎప్పుడో మగ్గాలు విడిచి సేద్యంలో పడినవాళ్ళు. ఆమె చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చొని పట్టు దారం చుట్టింది. రంగు గురించి ఏం అడిగినా మగ్గంలోకే పోయేది.

“పడుగు నల్లది పోసి, పేక ఎర్రది వేసినావనుకో. చీర ఏం రంగు?”

“నాకేం తెలుసు.”

“నల్లదీ కాదు, ఎర్రదీ కాదు. చీర కదిలితే నల్లదాని కింద ఎరుపు తిరుగుతాది. దానికే దుడ్లు ఎక్కువ. మా నాయన అట్లా చీర నేస్తే అంగట్లో షావుకారు కిటికీ కాడికి తీసకపోయి చూసేటోడు. ఇంగ నా మొగం పడుగు. ఈ డబ్బా పేక. పడుగును దాసిపెట్టి ఎవురన్నా నేస్తారా?”

ఒకసారి కదిరి తేరుకు ఇద్దరం పోయాం. గాజుల అంగడాయన ఆమె మొహం చూడకుండానే గులాబీ రంగు డబ్బా తీసి పెట్టాడు. అది అందరూ తీసుకుంటారని, పూసుకుంటే తెల్లగా కనపడతారని చెప్పాడు. ఆమె మూత తెరిచి వేలితో కొంచెం తీసి ముంజేతి మీద రుద్దింది. చెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

“ఏమన్నా, ఇది ఏం మాదిరుండాది చెప్పు?”

“బాగుండాది గదమ్మా.”

“రాగిసంకటికి బూజు పట్టినట్లుండాది. మైదాపిండి మొగాలకు అమ్ముకో దీన్ని. కాలిన ఇటుక రంగు ఉంటే తియ్యి.”

ఆయన మూటలన్నీ విప్పాడు. అడుగు నుంచి ఎవరూ కొనక దుమ్ము పట్టిన ముదురు డబ్బా ఒకటి తీశాడు. చూస్తే ఎండిన నెత్తురు మాదిరి ఉంది, నాకు వెగటేసింది. ఆమె మాత్రం బిడ్డ దొరికినట్లు పట్టుకుంది. అక్కడే నన్ను కూడా పట్టుకుంది, నీకూ పూస్తా రా అని. నేను తల తిప్పుకున్నాను. నాకెందుకు, సేద్యం చేసుకునేదానికి అన్నాను. “నేనేం పల్లకీలో తిరుగుతాండానా?” అంది. నిజమే. ఆమె ఆ బుగ్గలతోనే కలుపు తీసింది, పేడ ఎత్తింది, బండి తోలింది.

ఆ తరువాత వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయి. వేసిన బుడ్డలు మొలిచి మాడిపోయాయి. అప్పుడొక పొద్దున ఒకాయన కెమెరా మెడలో వేసుకొని వచ్చాడు, పేపర్లో కరువు గురించి వేస్తామని. చేలో కలుపు తీసేదానికి కూడా ఏమీ లేక మేమిద్దరం గట్టు మీద కూర్చొని ఉన్నాం. ఆయన ఆమెను పిలిచి నెర్రెలు విచ్చిన చోట కూర్చోమన్నాడు. కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకోమన్నాడు. పెట్టుకుంది. కెమెరాలోంచి చూసి దించేశాడు.

“అమ్మా, మీరు కొంచెం దిగులుగా ఉండాలి.”

“దిగులుగానే ఉండా గదప్పా.”

“కనపడటం లేదు. మొహం కళగా ఉంది.”

“కరువు చేన్లో ఉండాది. అదో, ఆడుండాది, తీసుకో ఎంత కావాల్నో. అది నా మొగం మీద యాల ఉండల్ల?”

ఆయన విసుక్కొని నా వైపు తిరిగాడు. నేను చెప్పిన చోట కూర్చున్నాను, చెప్పినట్లు నేల చూశాను. మరుసటి వారం నా బొమ్మ పేపర్లో వచ్చింది. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు, అచ్చం కరువు మాదిరే ఉన్నావని. ఆమె ఒక్కతే పేపరు వెనక్కి ఇచ్చేసి, “నిన్ను ఎండిపోయిన కంపచెట్టు మాదిరి కూర్చోబెట్టినాడు. నువ్వు కూర్చున్యావు” అంది. నాకు కోపమొచ్చి ఆ పొద్దంతా గోడ దగ్గరికి పోలేదు.

ఆ ఏడే ఆమె మొగుణ్ణి పాము కరిచింది. చేలోనే పోయాడు. ఒక్కతే కూతురు, బడికి పోయే వయసు. ముసలమ్మలు చేరి జరగవలసినవన్నీ జరిపించారు. బొట్టు చెరిపారు, గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు, పూలూ పసుపూ ఇక లేవన్నారు. ఆమె చేతులు చాచి అన్నీ ఇచ్చింది. ఏడ్చింది. ఆమె ఏడవలేదని చెప్పేవాళ్ళున్నారు, అబద్ధం. గోడకు ఈవల ఉన్నదాన్ని, నేను విన్నాను.

కొన్ని నెలలకు, ఒక పొద్దున గడపలోకి వచ్చింది. బోడి నుదురు, బోడి చేతులు. బుగ్గల మీద ఆ రంగు.

వాళ్ళ పెద్దత్త నోరు నొక్కుకుంది. “మేయ్! మొగుడు పోయినదానికి సింగారమా?”

“పెద్దత్తా, ఏమేం తీసేయల్ల అని నువ్వే గదా చెప్పినావు. బొట్టన్నారు, ఇచ్చినా. గాజులన్నారు, ఇచ్చినా. మెట్టెలు, పూలు, పసుపు. మీరు అడిగింది ఒక్కటీ దాసుకోల్యా. దాంట్లో బుగ్గలుండాయా?”

ముసలమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నేను చూశాను. మా ఊళ్ళో బుగ్గలకు రంగు పూసుకునే ఆడది ఈమెకు ముందు లేదు. లేనిదాన్ని తీసేయమని ఏ పెద్దలు నియమం పెడతారు? ముసలమ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది.

కానీ మరిది ఊరుకోలేదు. అన్నదమ్ములది ఉమ్మడి చేను, అన్న వంతు మూడెకరాలు. అది ఆమె చేతిలో ఉండటం అతనికి ఇష్టం లేదు. ఊరి పెద్దకు చెప్పాడు, పంచాయితీ పెట్టించాడు. పాలకేంద్రం ముందర, పొద్దున పాలు పోసినాక, క్యాన్లు ఇంకా అక్కడే ఉండగా. ఊరంతా ఉంది.

“ముండమోసి రంగులు పూసుకుంటాంది. ఎవురికోసరం? ఇంటి పరువు పోతాంది. పుట్టింటికి పంపిచ్చేయండి. బిడ్డను నేను సాక్కుంటా, చేను నేను చేసుకుంటా” అన్నాడు మరిది.

అర్థమైంది గదా. ఆ పొద్దు ఆమెకు పోయేది రంగు డబ్బా కాదు. చేనూ పోతుంది, బిడ్డా పోతుంది.

ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడు. “ఏమ్మా, రంగు పూసుకుంటావంటనే?”

“రంగుకూ చేనుకూ ఏం సంబంధమన్నా? మీసాలకు రంగేసుకునే మగోళ్ళుండారు. వాండ్ల చేన్లు ఎవురన్నా గుంజుకున్యారా?”

ఊరి పెద్ద మీసాలు నల్లగా నిగనిగలాడుతుండేవి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనకు కాలింది.

“మాటకు మాట వద్దు. తడిగుడ్డతో తుడిపిస్తా. రంగు వస్తే తప్పు నీది, మూట కట్టుకో. రాకుంటే మూడెకరాలూ నీవి, నీ బిడ్డవి. ఇంగెవురూ నోరెత్తకూడదు.”

“అందరికీ ఇనపడేటట్ల ఇంగోసారి చెప్పు అన్నా.”

ఆయన చెప్పాడు. ఆమె మరిది వైపు తిరిగింది. “నీకు సమ్మతమేనా అబ్బీ?” అతనికి సంతోషం పట్టలేదు. ఆమె బుగ్గలు ఎర్రగా ఉండటం అందరికీ కనపడుతూనే ఉంది. భుజం మీద కొత్త తువ్వాలు, తెల్లది, తీసి తనే నీళ్ళలో ముంచి పిండాడు.

తుడిచేది ఎవరు? మగవాళ్ళు తాకకూడదు. ఊరి పెద్ద నన్ను పిలిచాడు. “నువ్వు రామ్మా. మొగం మీదనే చెప్పేదానివి, నువ్వు అబద్ధం ఆడవు.”

తడి తువ్వాలు తీసుకున్నాను. ఆమె ఎదుట నిలబడ్డాను. ఆమె నా కళ్ళల్లోకి చూసి, “తుడుచు మే. మెల్లగా కాదు” అంది.

తుడిచాను. తువ్వాలు చూశాను. మట్టి ఉంది, చెమట ఉంది. రంగు లేదు.

“గట్టిగా!” అన్నాడు మరిది.

గట్టిగా తుడిచాను. తువ్వాలు మీద మళ్ళీ మట్టే. కానీ బుగ్గ ముందుకన్నా ఎర్రబడింది. రెండో బుగ్గ తుడిచాను. అదీ అంతే. రాగి చెంబును చింతపండు పెట్టి తోముతున్నట్లు, తుడిచే కొద్దీ మెరుస్తోంది. “ఇంకా, ఇంకా” అంటున్నాడు మరిది. నేను తోముతున్నాను. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తల మాత్రం కదల్చలేదు. పాలు పోసే ముసలాయన ఒకడు క్యాను మీద కూర్చొని ఉన్నాడు. ఉండబట్టలేక అన్నాడు.

“చాలు తల్లీ! ఇంగ తోమితే ఆ మొగంలోంచి సూర్యుడు పుడతాడు!”

పాలకేంద్రం అంతా నవ్వింది. ఊరి పెద్ద తువ్వాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. “చేను ఆమెదే. మాట ఇచ్చినాము, అయిపాయ” అన్నాడు.

అక్కడితో ఇంటికి పోయి ఉంటే ఆమెను గురించి నేను రాయనక్కరలేదు. తెలివైన ఆడది, ముందే మొహం కడుక్కొని వచ్చింది, కోపానికి పొంగిన నెత్తుటిని చూసి ఊరు రంగనుకుంది, అంతే కథ. ఆమె పోలేదు. రొండిలోంచి రేకు డబ్బా తీసింది. ఊరంతా చూస్తుండగా మూత తెరిచింది. నవ్వింది. ఆ పొద్దు ఎవరి తిక్కపనీ తలుచుకునే పని లేదు, ఎదురుగానే ఉన్నారు. ఉంగరపు వేలితో తీసి రెండు బుగ్గలకూ పూసింది. ఆ ఒక్క పొద్దు తుడవలేదు.

“ఇందాక మీరు చూసింది నెత్తురు. ఇది రంగు. తేడా తెలుసుకోండి.”

“చూసినారా! పూసుకుంటాదని నేను చెప్పల్యా? మాట ఎనక్కి తీసుకోండి!” అని మరిది ఎగిరాడు. ఊరి పెద్ద చెయ్యి మీసాల మీదికి పోయి ఆగింది. “తుడిస్తే రాల్యా గదప్పా. మాట మాటే” అన్నాడు. అందరూ క్యాన్లు ఎత్తుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు పశువుల నీళ్ళతొట్టి దగ్గర ఆమె కూలబడిపోయింది. చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి.

“చేను పోయింటే బిడ్డను వాని గడపలో పెట్టి పోవాల్సొచ్చేది” అంది.

“తెలిసి కూడా డబ్బా యాల తీసినావే, పిచ్చిదానా? గెలిచినావు గదా!”

“పూసుకోల్యా అని గెల్చినా. అంటే పూసుకుంటే తప్పే అని ఒప్పుకున్నట్ల గదా. చేను కావల్ల నాకు. ఆ ఒప్పుకోలు వద్దు.”

తొట్టిలో నీళ్ళు తీసి తాగింది. మొహం కడుక్కోలేదు. ఆ దట్టమైన రంగుతోనే ఊరు దాటి, చేలోకి పోయి, పొద్దు వాలేదాకా గట్లు సరిచేసింది. ఆ తరువాత ఆమె పూసుకోవడం గురించి వెనక మాట్లాడారు గానీ ముందర ఎవరూ అడగలేదు. బిడ్డను చదివించింది, పెళ్ళి చేసింది. చేను అమ్మలేదు. డబ్బా అయిపోయి, ఆ రంగు మళ్ళీ దొరకక, ముదురు లిప్‌స్టిక్కులు కొని కొబ్బరినూనె చుక్కతో కరిగించి ఆ రేకు డబ్బాలోనే పోసుకునేది. నా మొగుడు పోయిన ఏడు మా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చొని, డబ్బా చూపి, “ఎప్పుడు కావాలంటే అప్పుడు అడుగు” అంది. నేను అడగలేదు. ఆమె బలవంతపెట్టలేదు.

పోయిన నెల నాలుగు నాళ్ళ జ్వరంతో పోయింది. తెల్లారినాక కూతురు గోడ మీదుగా పిలిచింది. మేం నలుగురు ఆడవాళ్ళం స్నానం చేయించి కొత్త చీర కట్టాం. కూతురు దిండు కింది నుంచి డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

“పెద్దమ్మా, నువ్వు పూయి. అమ్మ యాడ పూసుకునేదో నీకు తెల్సు.”

“ముసిలామెకు ఇప్పుడెందుకు మే అవన్నీ?” అంది మూలనున్న ఒకామె. నేను డబ్బా మూత తెరిచాను.

నవ్వించకుండా ఎక్కడ పూయాలి? ఇన్నేళ్ళు చూసినదాన్ని, చోటు తెలుసు. ఉంగరపు వేలితో అద్దాను. చెవి వైపు లాగాను. కొంగుతో తుడిచాను. వెనక్కి జరిగి చూస్తే రంగు పైపైన నిలిచి ఉంది. గోడకు అంటిన మరక మాదిరి ఉంది. మళ్ళీ తుడిచి మళ్ళీ అద్దాను. అంతే. నా చెయ్యి చెడి కాదు. కింద నెత్తురు లేదు. పడుగు తెగిపోయినాక పేక దేన్ని పట్టుకుంటుంది?

మొత్తం తుడిచేశాను. ఆ నలుపు మొహాన్ని ఉన్నది ఉన్నట్లు వదిలాను. గడ్డం మీద పచ్చబొట్టు చుక్క కూడా శుభ్రంగా కనపడింది.

డబ్బా మూత వేయబోతే మూతలో అద్దం. అద్దంలో నేను. పేపర్లో వేసిన కంపచెట్టు.

నవ్వాలి గదా ముందు. శవం ఉన్న గదిలో ఎట్లా నవ్వేది? పాలకేంద్రం గుర్తొచ్చింది. తడి తువ్వాలు పట్టుకొని నేను తోముతుండటం, ఆమె తల కదల్చకుండా నిలబడటం, క్యాను మీద ముసలాయన. ఇంగ తోమితే సూర్యుడు పుడతాడు! నాకు నవ్వొచ్చింది. పొట్టలోంచి వచ్చింది, ఆపలేకపోయాను. ఆడవాళ్ళు భయంగా చూశారు. “ఈమెకు మతి పోయిండాది” అంది మూలనున్నామె.

నవ్వుతూనే అద్దంలో చూసుకున్నాను. డెబ్బై దాటిన బుగ్గ కూడా ఒక చోట గుండ్రంగా లేస్తుందని నాకు ఆ పొద్దే తెలిసింది. అక్కడ అద్దాను. లాగాను. కొంగుతో ముక్కాలు భాగం తుడిచేశాను. వేలికి ఉన్నదాన్ని ముక్కుకూ గడ్డానికీ తాకించాను. గడపలోకి పోయి వెలుతురులో నిలబడ్డాను.

వాకిట్లో షామియానా కింద మగవాళ్ళు కూర్చొని ఉన్నారు. అందరికన్నా ముందు కుర్చీలో మరిది. ఇప్పుడు ముసలివాడు, చేతిలో కర్ర, అప్పుడే వచ్చి కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టుకొని కళ్ళు చిట్లించాడు.

“ఏమొదినా, ఎండన పడి నడిచొచ్చినావా? మొగం ఎర్రబడిండాది. ఎవురన్నా ఇన్ని మజ్జిగ ఇయ్యండప్పా ఈమెకు.”

గెలిచినా, అని గోడ మీదుగా చెప్పడానికి ఆవల మనిషి లేదు.

“ఎండ కాదబ్బీ. పూసుకున్యా” అన్నాను, షామియానా అంతా వినపడేటట్లు. “తడిగుడ్డ తెస్తావా?”

ఆయన చెయ్యి తువ్వాలు మీదికి పోయింది. దాన్ని భుజం మీది నుంచి తీశాడు. ఒళ్ళో పెట్టుకొని మడతలు సరిచేశాడు. మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు.